తల్లికీ బిడ్డకూ ఒకే పద్దు

మెథాంఫెటమిన్ అనే మత్తుమందు వల్ల చెదిరిన కుటుంబాల కోసం అమెరికా చేసిన చట్టానికి ఈ సెప్టెంబరు 28తో 20 ఏళ్లు నిండుతాయి. 2006లో వచ్చిన ఆ చట్టం ఐదేళ్లకు 14.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. పిల్లల సంక్షేమ శాఖలు, చికిత్సా కేంద్రాలు, కోర్టులు చేయి కలిపి పనిచేయాలన్నది ఉద్దేశం. చాలా మంచి ఆలోచన. కానీ పద్దు చూడండి: మొదటి ఏడు 4 కోట్లు, తర్వాత 3.5, ఆపైన 3, చివరి రెండేళ్లూ 2 కోట్ల చొప్పున. పిల్లలు పెరుగుతున్నారు, డబ్బు తరుగుతోంది.

అదే ఏడాది మార్చిలో మరో చట్టం ఈ మత్తుకు ముడిసరుకైన, జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్‌ను మందుల షాపు కౌంటరు వెనక్కి చేర్చింది. ఇళ్లలో మత్తు వండే పొయ్యిలు చాలావరకు ఆరాయి. సరుకు మాత్రం మెక్సికో నుంచి వచ్చిపడింది. పోలీసు మూసింది పొయ్యినే. వ్యసనం ఇంట్లోనే మిగిలింది.

ఈ వ్యసనానికి అక్కడ ఆమోదం పొందిన మందు ఈనాటికీ ఒక్కటీ లేదు. ఉన్నది ఓపికతో చేసే కౌన్సెలింగ్, పరీక్షలో మత్తు కనబడని ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి. మానడం, మళ్లీ జారడం, మళ్లీ లేవడం ఏళ్లు పట్టే పని. 1997 నాటి చట్టం మాత్రం గడియారం పట్టుకు కూర్చుంది. గత 22 నెలల్లో 15 నెలలు బిడ్డ ప్రభుత్వ సంరక్షణలో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కులు రద్దు చేయాలని రాష్ట్రం కోర్టుకెక్కాలి. తల్లి కోలుకునేసరికి బిడ్డ మరొకరి బిడ్డవుతుంది.

తల్లి గర్భంలోనే ఈ మత్తు సోకిన పిల్లలకు ‘మెథ్ బేబీ’ అని పేరు పెట్టి పత్రికలు ఇంకో గాయం చేశాయి. ఆ ముద్ర వేయవద్దని 2005లో 90 మందికి పైగా వైద్యులు, పరిశోధకులు బహిరంగ లేఖ రాశారు. లాస్ ఏంజెలిస్, డెమోయిన్, టల్సా, హోనొలులులలో అలాంటి పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో పుట్టుకలో బరువు తగ్గడం, తర్వాత కొన్ని ప్రవర్తన సమస్యలు కనిపించాయి. ఇంటి పరిస్థితుల బరువూ అంతే స్పష్టంగా తేలింది. పుట్టకముందే పాడైపోయిన పిల్లలు కారు వాళ్లు.

2018లో అమెరికా దారి మార్చుకుంది. తల్లి చికిత్స పొందే కేంద్రంలోనే బిడ్డను ఉంచి, ఆ బిడ్డ పోషణకు 12 నెలల వరకు కేంద్ర నిధులివ్వడానికి ఒప్పుకుంది. ఇన్నేళ్లలో వేసిన సరైన అడుగు ఇదే. తల్లి మంచం పక్కన ఉయ్యాలకు చోటిచ్చిన ఆ ప్రభుత్వం, తల్లి నిలదొక్కుకునేదాకా ఆ 12 నెలల గడువును పొడిగించాలి.