‘లయ వాళ్ళ రక్తంలోనే ఉంది’

నల్లజాతి నర్తకుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చాలామంది అప్రయత్నంగా అనే మాట ఇది. వినడానికి ప్రశంసే. కాస్త నిలిచి ఆలోచిస్తే అందులోని చిన్నచూపు కనిపిస్తుంది. బాలే నర్తకి కాలు గాలిలోకి లేస్తే అది ఏళ్ళ తరబడి చేసిన సాధన. ఆఫ్రికా సంతతి స్త్రీ లయబద్ధంగా కదిలితే అది ప్రకృతి ఇచ్చిన వరం! ఒకరిది విద్య, మరొకరిది కేవలం పుట్టుక.

ఈ మాటకు నేనెరిగిన గట్టి సమాధానం కేథరిన్ డనమ్ (1909–2006) రూపొందించిన నృత్యపద్ధతి. షికాగో విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివిన ఆమె, 1935లో పరిశోధక వేతనం మీద కరిబియన్ దీవులకు వెళ్ళారు. జమైకా, మార్టినిక్, ట్రినిడాడ్, హైతీలలో జనం మధ్య ఉండి, ఏ నృత్యం ఏ సందర్భంలో, ఎవరి కోసం ఆడతారో పరిశీలించారు. మార్టినిక్ దీవిలోని ఒక పోరాటనృత్యం ఆధారంగా 1938లో ‘లాగ్యా’ అనే నృత్యరూపకాన్ని కూర్చారు. 1940లలో న్యూయార్క్‌లో పాఠశాల నెలకొల్పి, తన పద్ధతిని క్రమబద్ధంగా నేర్పారు.

ఆ పద్ధతిలో ఊపిరికి పెద్దపీట. తల, భుజాలు, పక్కటెముకలు, నడుము ఒకదానితో ఒకటి ముడిపడకుండా, దేనికది కదిలేలా శిక్షణ ఉంటుంది. డోలు వాద్యం పాఠంలో భాగం. హైతీ వొడూ ఆరాధనలో సర్పదేవత దంబాలాకు అర్పించే ‘యాన్వలూ’ నృత్యంలో మోకాళ్ళు వంచి, వెన్నెముకను అలలా కదిలిస్తారు. ఆ కదలికా ఈ పద్ధతిలో ఉంది. అలా వెన్ను కదలాలంటే ఎంత సాధన కావాలో ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది. రక్తం దానంతటది నేర్పే విద్య కాదది.

ఇందులో బాలే అభ్యాసాలూ కలిశాయి కదా, ఇక ఆఫ్రికా సంప్రదాయం ఎక్కడ మిగిలిందని ఒక ఆక్షేపణ ఉంది. నాకది పెద్ద దోషంగా తోచదు. వేర్వేరు విద్యలను సమాన గౌరవంతో ఒకచోట చేర్చడం కల్తీ కాదు. నా అభ్యంతరం మరొకటి. యాన్వలూను వెన్నునొప్పి తగ్గించే వ్యాయామంలా, అది ఒక జాతి ప్రార్థన అన్న సంగతి చెప్పకుండా నేర్పితే, డనమ్ శ్రమకు అర్థమేముంది? కదలిక మిగిలి, దాని వెనకనున్న మనుషులు మాయమవుతారు. ‘రక్తంలోనే ఉంది’ అన్న మాట చేసే పనీ ఇదే.

డనమ్ మాత్రం ఆ మనుషులను మరువలేదు. 1992లో, పడవల్లో వచ్చిన హైతీ శరణార్థులను అమెరికా వెనక్కి పంపుతున్నందుకు నిరసనగా, 82 ఏళ్ళ వయసులో 47 రోజులు నిరాహారదీక్ష చేశారు. ఆమె పద్ధతిని నేర్పే ప్రతి గురువూ మొదటి పాఠానికి ముందు శిష్యులకు ఈ సంగతి చెప్పాలని నా కోరిక.