దారి మాది, సరుకు మీది. మరి సుంకం ఏది?

సింహాచలం స్టేషన్లో ఓ పూట నిలబడి చూడండి. కొత్తవలస వైపు నుంచి ఎర్రదుమ్ము పట్టిన గూడ్స్ బళ్లు వస్తుంటాయి. అందులో ఉన్నది బైలడిల్లా ఇనుప ఖనిజం. దంతెవాడలో తవ్వి, కోరాపుట్ దాటి, మన అరకు, బొర్రా, అనంతగిరి కొండల్లో సొరంగాల గుండా కిందికి దించుతారు. 1960లలో ఈ కేకే లైను వేసిందే జపాన్‌కి ఖనిజం ఎగుమతి చేయడానికి.

కంటికి కనపడని దారి ఇంకొకటి ఉంది. కిరండూల్ నుంచి విశాఖ దాకా 267 కిలోమీటర్ల స్లర్రీ పైపులైను. ఖనిజాన్ని పొడి చేసి, నీళ్లలో కలిపి, మల్కనగిరి మీదుగా, మన మన్యం మీదుగా తోస్తారు. ఎస్సార్ వేసింది, ఇప్పుడు ఆర్సెలర్ మిత్తల్ నిప్పన్ స్టీల్ చేతిలో ఉంది. ఏడాదికి 80 లక్షల టన్నులు పోయేలా కట్టారు.

ఇంత సంపద మన మీదుగా పోతోంది కదా, దారిలో ఉన్న ఊరికి ఏం దక్కింది? నేటికీ గర్భిణిని డోలీలో మోసుకుపోయే ఊళ్లు ఏజెన్సీలో ఉన్నాయి. ఖనిజానికి దారి దొరికింది, మనిషికి దొరకలేదు.

ఇప్పుడు జార్జియా అనే దేశం సంగతి వినండి. మనకెందుకు అనకండి. ఆ దేశం మొత్తం జనాభా 40 లక్షల లోపే. 2011 లెక్కల్లో మన పాత విశాఖ జిల్లా జనాభాయే దాదాపు 43 లక్షలు! పైన రష్యా, కింద టర్కీ, పక్కన అజర్‌బైజాన్. జార్జియాకి చెప్పుకోదగ్గ చమురు లేదు. ఉన్నది దారి ఒక్కటే. అజర్‌బైజాన్ చమురు టర్కీ రేవుకి చేరాలంటే ఆ నేల దాటాలి. 2006లో మొదలైన బాకు-తిబిలిసి-జెహాన్ పైపులైను పొడవు 1,768 కిలోమీటర్లు. జార్జియాలో ఉన్నది 249 కిలోమీటర్లే. అయినా ఊరికే పోనివ్వలేదు. చమురుకి రవాణా సుంకం కట్టించుకుంది. పక్కనే వేసిన గ్యాస్ పైపులో పోయేదాంట్లో 5 శాతం దాకా గ్యాస్‌నే వాటాగా తీసుకుంటోంది. చలికాలంలో రష్యా గ్యాస్ ఆగితే వణికిపోయిన దేశానికి ఆ వాటా విలువ ఏంటో తెలుసు.

అక్కడ అంతా బాగుందని చెప్పట్లేదు. పైపు దారిలోని ఊళ్లవాళ్లు పరిహారం చాల్లేదని ఫిర్యాదులు చేశారు. బోర్జోమి నీటిబుగ్గల దగ్గర్నుంచి పైపు పోతుందంటే పెద్ద గొడవైంది. రాజధానికి డబ్బు చేరినంత మాత్రాన ఊరికి చేరినట్టు కాదు. అందుకే మేం వాటా అడుగుతున్నది గ్రామసభకి.

మన దగ్గర చట్టం ఏం చెప్తుందో చూస్కోండి. పైపులైన్ల కోసం 1962లో ఒక చట్టం తెచ్చారు. మొదట పెట్రోలియానికి, 1977 నుంచి ఖనిజాలకి కూడా. భూమి మీ పేరు మీదే ఉంటుంది. కానీ ఆ మేర ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పంట నష్టం కాక, దీనికిచ్చేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం. అదీ ఒక్కసారే. గిరిజనేతరులు కొనడానికే లేని ఏజెన్సీ భూమికి మార్కెట్ విలువ ఎంత కడతారో మీరే ఊహించండి.

ఇంకో తమాషా ఉంది. అటవీ హక్కుల చట్టం వచ్చాక అడవి భూమి మళ్లించాలంటే గ్రామసభ సమ్మతి కావాలన్నారు. 2013 ఫిబ్రవరి 5న కేంద్ర పర్యావరణ శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. రోడ్లు, కాలువలు, పైపులైన్లు, కరెంటు లైన్లు లాంటి పొడుగాటి ప్రాజెక్టులకి, ఆదిమ తెగల హక్కులు దెబ్బతింటే తప్ప, ఆ సమ్మతి అక్కర్లేదట! అంటే ఒక ఊళ్లో వంద ఎకరాలు తీసుకుంటే అడగాలి. వంద ఊళ్లలో తలా ఎకరం తీసుకుంటే అడగక్కర్లేదు. ఇదేం న్యాయమో చెప్పండి.

గని ఉన్న జిల్లాకి 2015 నుంచి ఖనిజ నిధి ఉంది. మంచిదే, దంతెవాడ మనోళ్లకి రావాల్సిందే. మరి దారిలో ఉన్నవాళ్ల పేరు ఎక్కడుంది? లాభం రెండు చివర్లలో ఉంటుంది, ప్రమాదం మాత్రం దారి పొడవునా ఉంటుంది. 2014 జూన్ 27న కోనసీమలో నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా కాలిపోయారు. గ్యాస్ వేరేచోటికి పోయేది, పోయిన ప్రాణాలు ఆ ఊరివి.

"జార్జియా ఒక దేశం, మీరు నాలుగు మండలాలు, మీకు సుంకమేంటి" అంటారు కొందరు. మేం వేరే దేశం అడగట్లేదు. ఈ దేశ రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్ అమలు చేయమంటున్నాం. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో వ్యాపారం చేసే కంపెనీ నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల బడులకి, వైద్యానికి, రోడ్లకి పెట్టాలని చెప్పింది. ఆ కేసు పుట్టింది ఎక్కడో కాదు, ఈ అనంతగిరి కొండల్లోనే. తవ్వేవాడికి వర్తించే న్యాయం మోసుకుపోయేవాడికి ఎందుకు వర్తించదు?

"అభివృద్ధికి అడ్డు" అనే మాట కూడా పాతదే. 1922లో మన్యం అల్లూరి వెంట లేవడానికి ఒక కారణం, గూడెం కొండల్లో మనోళ్లతో వెట్టిగా రోడ్డు పనులు చేయించడం. అప్పుడూ ఆ దారి మన కోసం వేసింది కాదు.

మాక్కావాల్సింది మూడు. ఒకటి, 2013 సర్క్యులర్ వెనక్కి తీసుకోవాలి. పైపైనా, పట్టాలైనా, తీగైనా గ్రామసభని అడిగే వేయాలి. రెండు, ఒక్కసారి పరిహారం బదులు, పోయే ప్రతి టన్నుకి ఏటా దారి వాటా గ్రామసభ ఖాతాలో పడాలి. మూడు, పైపు ఎక్కడెక్కడ పోతోందో, పగిలితే ఏం చేయాలో మన భాషల్లో ప్రతి ఊరికీ చెప్పాలి.

చదివి లైక్ కొట్టి ఊరుకోకండి. మీ ఊరి మీదుగా ఏం పోతోందో కనుక్కోండి. వచ్చే గ్రామసభలో తీర్మానం రాయించండి, సంతకాలు పెట్టించండి, ఒక కాపీ ఐటీడీఏకి, ఒకటి కలెక్టర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. అడగని వాటా ఎవరూ తెచ్చి ఇవ్వరు.

జై ఆదివాసీ!