సంచులకు కాపలా మేమేనా?

మొన్న సెలవులకు పిల్లలతో విశాఖపట్నం వెళ్లాం. పెన్నలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ చూసిన తాడిపత్రి వాళ్లం. రుషికొండ బీచిలో అంత నీరు ఒక్కసారి కనబడేసరికి మా వారూ పిల్లలూ పరుగున వెళ్లిపోయారు. నా దగ్గర మిగిలినవి మూడు సంచులు, నాలుగు జతల చెప్పులు, మా వారి కళ్లజోడు. చుట్టూ చూస్తే నాలాంటి వాళ్లు ఎందరో! సముద్రం చూడాలని ఎక్కడెక్కడి నుంచో వచ్చి, అందరం సంచులకు కాపలా.

"నువ్వు కూడా రామ్మా" అని అమ్మాయి పిలిచింది. "చీర తడుస్తుంది, మీరు పోండి" అన్నాను. నిజానికి అడ్డం చీర కాదు, భయం. నాకు ఈత రాదు. చిన్నప్పుడు మా మేనమామ తమ్ముడి నడుముకు బెండు కట్టి బావిలో ఈత నేర్పాడు. నేను గట్టుమీద వాడి బట్టలు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు బట్టలు, ఇప్పుడు సంచులు!

నడకా అంతే. మా ఊళ్లో ఆడమనిషి చేతిలో పూలబుట్టో, టిఫిన్ క్యారియరో లేకుండా ఊరికే నడిస్తే "యాడికమ్మా పోతాండావు?" అని నలుగురు అడుగుతారు. విశాఖ బీచిరోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపి, నడిచేవాళ్లకు దారి వదులుతారు. అక్కడ రెండు రోజులు చేతులూపుకుంటూ నడిచాను. ఒక్కరూ అడగలేదు. అంత హాయి ఎన్నేళ్లకో!

అందరూ అలల్లోకి దూకమని కాదు నేననేది. ఆ తీరంలో లోపలికి లాక్కుపోయే ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. అయితే రుషికొండకు 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చిందంటే లైఫ్‌గార్డులూ, మరుగుదొడ్లూ, బట్టలు మార్చుకునే గదులూ ఉండబట్టే. అలాంటి చోట మోకాటి లోతులో వంతులవారీగా దిగవచ్చు కదా! ఒక అరగంట మగవాళ్లు సంచులు చూసుకుంటే ఏం పోయింది?

ఈత నేర్చుకునే వయసు దాటిందంటారా? సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నలభై దాటాక నేర్చుకుని, 2021లో 47 ఏళ్ల వయసులో పాక్ జలసంధి ఈదారు. 2025 జనవరిలో విశాఖ నుంచి కాకినాడ దాకా దాదాపు 150 కిలోమీటర్ల ఈత ముగించారు.

కరువుసీమ ఆడపిల్లకు ఈతెందుకు అనకండి. బావులూ, కుంటలూ, కాలువలూ మాకూ ఉన్నాయి. నీళ్లకూ, బట్టలుతకడానికీ వాటి దగ్గరికి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే. కాలు జారితే కాపాడేది ఈతే గాని, భయం కాదు.

వచ్చే వేసవిలో మా అమ్మాయిని ఈతకు పంపుతున్నాను. దానితోపాటు నేనూ దిగుతున్నాను. ఒడ్డున సంచులు మా వారు చూసుకుంటారు. ఆ సంగతి ఆయనకింకా చెప్పలేదు!