గోరీమీద రాయి ఎందుకు లేదు?

శ్రామికవర్గానికి వంశవృక్షంతో ఏం పని అని మన మిత్రులే కొందరు అడుగుతున్నారు. మా మాదిగపల్లె శ్మశానంలో మా ముందుతరాలవాళ్ల గోరీలు ఎక్కడెక్కడున్నాయో వెతికి పటం గీయిస్తున్నానని తెలిసినప్పటినుంచీ నాకీ ప్రశ్న మరీ ఎక్కువగా ఎదురవుతున్నది. పూర్వీకుల ఆరాధన భూస్వామ్య సంస్కారమనీ, తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించటం పెద్దకులాల రివాజనీ, చైతన్యం కలవాడు ముందుకు చూడాలిగాని వెనక్కి చూడగూడదనీ వారి వాదం. వినటానికి బాగానే ఉంటుంది. కాని నేతులు తాగిన తాతలకూ అంబలి తాగిన తాతలకూ తేడా చూడని వాదం వర్గదృష్టి ఎట్లా అవుతుందో నాకు బోధపడదు.

ఇంకొకవైపు కులసంఘాలవాళ్లున్నారు. ఏటా కార్తీకమాసంలో ఏ కులానికా కులం తోటల్లో చేరి వనభోజనాలు చేసి, నున్నటి కాగితంమీద అచ్చువేసిన వంశచరిత్రలు పంచిపెట్టుకుంటారు. ఏ వంశచరిత్ర తెరిచినా మూలపురుషుడు ఏదో ఒక రాజుదగ్గర సేనాపతి. ఆ పుస్తకాలు చూస్తే మన దేశంలో సేనాపతులే పిల్లల్ని కన్నట్టూ, పల్లకీలు మోసినవాళ్లంతా నిస్సంతుగా పోయినట్టూ కనిపిస్తుంది.

ఈ రెండు పక్షాలకూ ఒక విషయంలో ఏకాభిప్రాయమున్నది. పూర్వీకులంటే రక్తానికి సంబంధించిన విషయమని ఇద్దరూ నమ్ముతారు. ఒకరు ఆ రక్తాన్ని చూసి గర్విస్తారు, ఒకరు ఈసడిస్తారు. నేననేదేమంటే, తాతముత్తాతల పేర్లు తెలిసి ఉండటం రక్తంవల్ల రాలేదు, కాగితంవల్ల వచ్చింది. కాగితం భూమివల్ల వచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడింది. ఇనాం భూమి అనుభవిస్తున్న ప్రతివాడూ తన హక్కు ఎట్లా వచ్చిందో, మొదట ఎవరికిచ్చారో, వాళ్లకు తానేమవుతాడో చెప్పుకోవలసి వచ్చింది. ఆ వివరాలన్నీ ఇనాం ఫెయిర్ రిజిస్టర్లకెక్కాయి. ఈనాటికీ భూమి వ్యాజ్యాల్లో ఆ రిజిస్టర్లు సాక్ష్యానికి వస్తూనే ఉన్నాయి. తాత పేరు చెబితే ఎకరాలు నిలిచేవాడు తాత పేరు మరచిపోడు. కరణీకాలూ మునసబీలూ తరతరాలుగా ఒక్కొక్క కుటుంబంలో నడిచాయి. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా ఊరి కాగితం ఎవరి పెట్టెలో ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు. వెట్టివాడికీ నీరుగట్టువాడికీ ఇనాములున్న ఊళ్లలో మాలమాదిగల పేర్లు కూడా ఈ రిజిస్టర్లలో అక్కడక్కడా దొరుకుతాయి గదా అని ఎవరైనా అనవచ్చు. దొరుకుతాయి. నేను చెప్పేదీ అదే. గుంట భూమి ఉన్నచోట మాదిగ తాతకు కూడా పేరున్నది.

నోటిలెక్క కూడా కూలి లేకుండా నడవలేదు. రెడ్ల గోత్రాలూ కమ్మవారి గోత్రాలూ పిచ్చికుంట్లవాళ్లు పాడారు. పద్మశాలీలకు కూనపులివాళ్లున్నారు. మాదిగలకు దక్కలివాళ్లున్నారు, జాంబపురాణం చెబుతారు. అయితే ఆ పురాణం కులం పుట్టుక చెబుతుంది. మా నాయన తాత ఏ ఏట ఏ రోగంతో పోయాడో అది చెప్పదు. తర్పణం వదిలేవాడు మూడుతరాలను పేరుపేరునా పిలుస్తాడు. మా ఇళ్లల్లో సంక్రాంతికి కొత్తగుడ్డలు పెట్టేది "పెద్దల"కు. ఆ పెద్దలకు పేర్లుండవు.

బందరులోనూ భీమునిపట్నంలోనూ డచ్చివాళ్ల సమాధులున్నాయి. చెక్కిన రాళ్లు, వంశచిహ్నాలు, పుట్టిన తేదీ, గిట్టిన తేదీ. ఇంతదూరం వచ్చి బట్టల వ్యాపారం చేసి చచ్చిపోయిన ఆ వర్తకుల స్మారకాలమీద పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రే 1897లో ఒక గ్రంథం అచ్చువేశాడు. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల మీద ఉన్న శాసనాల జాబితా తయారుచేశాడు. మంచి పనే. కాని ఆ మొదటి గ్రంథం వెలువడేనాటికి ధాత కరువు ముగిసి ఇరవై ఏళ్లయినా కాలేదు. 1876–78 మధ్య దక్షిణాదిలో ఆ కరువుకు, దాని వెంట వచ్చిన రోగాలకు పోయినవాళ్లు 55 లక్షలదాకా ఉంటారని అంచనా. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య సుమారు నాలుగోవంతు తగ్గిపోయింది. రిచర్డ్ టెంపుల్ దొర వచ్చి, కరువుపనిలో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను గింజలూ ఒక అణా చాలునని నిర్ణయించాడు. ఆ పౌను తిని చచ్చిపోయినవాళ్ల సమాధుల జాబితాకు ఏ దొరా పూనుకోలేదు. సమాధులే లేవు మరి. అంతకుముందు 1832–33లో వచ్చిన నందన కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే అయిదు లక్షలమందిలో లక్షన్నర పోయారని నాటి లెక్క. కరువులకు సంవత్సరాల పేర్లు నిలిచాయి. చచ్చినవాళ్ల పేర్లు నిలవలేదు.

చావులో అందరూ సమానమే గదా అని ఇక్కడొక వేదాంతి లేచి నిలబడతాడు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చినప్పుడు జాషువా శ్మశాన పద్యాలు పాడితే వన్స్‌మోర్ కొట్టని తెలుగువాడు లేడు. ఆ చోట అంటరానితనం చెల్లదన్నాడాయన. వినుకొండలో పుట్టి, అడుగడుగునా అంటరానితనం అనుభవించిన మనిషి ఆ మాట ఎంత మంటతో అన్నాడో చప్పట్లు కొట్టేవాళ్లకు పట్టదు. నాటకం చూసి తెల్లవారుజామున ఇంటికి పోయేవాళ్ల ఊళ్లో పెద్దకులాల రుద్రభూమి ఒకచోట, మాలల శ్మశానం ఇంకొకచోట, మాదిగలది వాగు అవతల. శవం పోయే దారి కూడా వేరే. సమానత్వం పద్యంలో ఉన్నది, సర్వే నంబరులో లేదు.

ఇక మా శ్మశానం సంగతి చెబుతాను. ఒంగోలు ప్రాంతంలో మాదొక మెట్ట ఊరు. వాగు ఒడ్డున సర్కారుతుమ్మ కమ్మేసిన చౌడునేల మా శ్మశానం. సిమెంటు గోరీలు పది పన్నెండుంటాయి, అన్నీ ఈ నలభై ఏళ్లలో కట్టినవి. మిగతాదంతా చూసేవాడికి ఖాళీ నేలే. చూడటం నేర్చుకుంటే మాత్రం ఖాళీ కాదు. పెట్టె లేకుండా పూడ్చిన పాతగోరీ మిట్టగా ఉండదు, కుంగిపోతుంది. గట్టివాన పడ్డ మర్నాడు పోతే మనిషి పొడుగున నీళ్లు నిలిచి కనిపిస్తాయి. నక్కలు తోడకుండా తలాపున పెట్టిన గుండ్రాళ్లు కొన్ని ఇంకా ఉన్నాయి. ఎవరో నాటిన కలబంద పిలకలువేసి గుబురుగా పెరిగిన చోట్లున్నాయి. దక్షిణానికి తలపెట్టి పూడ్చినవి పాతవి. పడమటికి తలపెట్టినవి కిరస్తానంలో కలిసిన తర్వాతివి. ఇదంతా ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, మా నాయన మేనత్త చూపించింది. ఆమెకు తొంభై దగ్గర పడ్డాయి. నులకమంచంమీద కూర్చోబెట్టి నలుగురం మోసుకుపోతే, చేతికర్రతో చూపిస్తూ చెప్పుకుపోయింది:

"ఈడ మా యమ్మ. పక్కన చిన్నది మా యమ్మ కన్న పిల్ల, పేరు పెట్టకముందే పోయింది. ఆ కలబంద కాడ మా తాత. మా తాతకి నాయన మటుకు ఈడ లేడు అబ్బయ్యా. కరువులో కాలవ తవ్వబోయి రాలేదంట."

ఆమెకు సంవత్సరాలు తెలియవు. ఉప్పెనకు ముందా వెనకా అని అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతుంది, ఉప్పెన అంటే 1977. ఫలానా చావు పొగాకు నారు పోసేటప్పుడంటుంది, ఫలానాది కలరా ఏడంటుంది. మగవాళ్లనడిగితే మగవాళ్ల గోరీలే చెప్పారు; ఆడవాళ్లంతా వాళ్ల నోట ఫలానావాడి పెళ్లాలే. ఆడవాళ్ల పేర్లూ, పురిట్లో పోయినవాళ్లూ, పసిగుడ్లూ ఈ ముసలమ్మకే తెలుసు. నాలుగు నెలల్లో నలభై ఒక్క గోరీలకు మనుషుల్ని చెప్పగలిగాం. వాటిలో పేర్లు దొరికినవి ఇరవైతొమ్మిది.

కాలవ అంటే బకింగ్‌హాం కాలవ. ధాత కరువులో అప్పటి గవర్నరు పేరు పెట్టి తవ్వించారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మూడున్నర మైళ్ల కాలవపని కంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జులై 3న ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఈ చరిత్రను మతప్రచారకులు దేవుడి మహిమగా చెబుతారు. మనవాళ్లలో కొందరు సామ్రాజ్యవాద కుట్ర అని ఒక్కమాటతో కొట్టిపారేస్తారు. నా ప్రశ్న చిన్నది. ఊరి కాగితంలో మనిషిగా ఎక్కనివాడి పేరు మొదటిసారి రాసింది ఎవరు? చాలాచోట్ల మిషను రిజిస్టరు. మిషనుకు ఆత్మల లెక్క కావాలి కాబట్టి రాసింది, సర్కారుకు శిస్తు లెక్కే కావాలి కాబట్టి రాయలేదు. ఎవరి అవసరం వాళ్లది. ఆ రిజిస్టరువల్ల మాకు కలిగిన ఇబ్బంది కూడా ఉన్నది. యోహాను, పౌలు, మరియమ్మ అని కొత్తపేర్లు పెట్టుకున్నవాళ్ల పాతపేర్లు అక్కడితో తెగిపోయాయి.

సర్కారు వారి చావుపుస్తకాలున్నాయి గదా అంటారేమో. మద్రాసు రాష్ట్రంలో జనన మరణాల నమోదుకు 1899లోనే చట్టం వచ్చింది. పల్లెలో చావు జరిగితే ఊరి ఉద్యోగికి చెప్పాలి, ఆయన రాసుకోవాలి. మా పల్లెకు రానివాడు మా చావు ఎట్లా రాస్తాడు? ఒక ఆఫీసులో పాత పుస్తకాలు చూపించమంటే చెదలు తిన్న అట్టలు చూపించారు. చెదలకు కులభేదం లేదని ఒప్పుకోవాలి.

పేదవాడు రాయి పెట్టుకోలేకపోవటం కేవలం డబ్బు లేకేనా అని కూడా ఆలోచించాలి. రాయి మాకు కరువు కాదు. చీమకుర్తి నల్లరాయి మా ప్రాంతంలోనే ఉన్నది. నల్లటి నేలలో నక్షత్రాలు చల్లినట్టుండే ఆ గెలాక్సీ గ్రానైటు ఓడలెక్కి దేశదేశాల భవనాలకు పోతున్నది. మా పల్లెలనుంచి క్వారీల్లో పనికి పోయినవాళ్లున్నారు. ఆ దుమ్ము పీల్చి దగ్గి దగ్గి పోయినవాళ్ల గోరీలు రెండు మా పటంలో ఉన్నాయి. వాటిమీద తుమ్మకంప ఉన్నది. ఖమ్మం అడవుల్లో జానంపేటవంటి చోట్ల వేల ఏళ్లనాటి బండసమాధులను రాక్షసగుళ్లంటారు జనం. ఆ చచ్చినవాళ్ల పేర్లూ ఎవరికీ తెలియవు, కాని వాటికి పురాతత్వ గౌరవమున్నది. మా వాళ్లకు ఆ గౌరవం దక్కాలంటే ఇంకో రెండువేల ఏళ్లు ఆగాలి కాబోలు.

ఈ వెతుకులాట చివరికి కులాభిమానానికి దారితీస్తుందని ఒక మిత్రుడు హెచ్చరించాడు. వనభోజనాల వంశచరిత్రకూ మా పటానికీ తేడా ఏమిటో ఆయన శ్మశానానికి వచ్చి చూస్తే తెలుస్తుంది. వాళ్ల పుస్తకంలో మూలపురుషుడినుంచి కిందికి దిగుతారు. మా పటంలో మూలపురుషుడు లేడు. ఎవరు ఏ పని చేశారు, ఎవరి చేలో చేశారు, దేనివల్ల పోయారు అన్నవే ఉన్నాయి. నలభై ఒక్కమందిలో జీతగాళ్లు పదకొండుగురు. కాన్పుతో పోయిన స్త్రీలు ఆరుగురు. ఇది కులపురాణమైతే ఇటువంటి కులపురాణాలు ఊరూరా రావాలనే నా కోరిక. చరిత్ర చదివే విద్యార్థులు థీసిస్‌లకు విషయాలు దొరకటంలేదని వాపోతుంటారు. ప్రతి పల్లె అంచునా ఒకటి ఉన్నది. చెప్పగల ముసలివాళ్లు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.

అసలు ఇదంతా ఎందుకు మొదలయిందో చెప్పాలి. మా శ్మశానం రికార్డుల్లో శ్మశాన పోరంబోకు, విస్తీర్ణం ఎకరా ఇరవై సెంట్లు. గొలుసు పట్టి మేం కొలిస్తే డెబ్భై ఎనిమిది సెంట్లు వచ్చింది. మిగతాది పక్క చేలో కలిసింది. ఏటా దుక్కిలో రెండు సాళ్లు ముందుకొస్తే నలభై ఏళ్లకు ఎంతవుతుందో మన లెక్కల మాస్టార్లు చెప్పగలరు. సరిహద్దు రాయి కూడా జరిగింది. పొలానికున్న నంబరురాయి మనిషికి లేకపోయినా, దానికి కాళ్లున్నాయి. తెలంగాణలో 2019లో మొదలైన పల్లెప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. షెడ్లు, నీటితొట్లు మంచివే. అయితే షెడ్డు ఉన్నంతమాత్రాన పాత పూడ్పునేల ఎవరిదో తేలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలుపెట్టారు. కొలిచేవాడు హద్దులు చూపించమంటాడు. పట్టా ఉన్నవాడు వచ్చి నిలబడి చూపిస్తాడు. శ్మశానం తరఫున ఎవరు వచ్చి నిలబడతారు?

పక్క చేను ఆసామిని మా పల్లె పెద్దలు అడిగితే ఆయన కోపపడలేదు, నవ్వాడు. "గోరీలుంటే చూపించండి, వదిలేస్తా"నన్నాడు. అప్పుడే మా మేనత్తను మంచంమీద తీసుకుపోయాం. ఆమె చూపించిన వాటిలో తొమ్మిది గోరీలు ఆయన కందిచేలో ఉన్నాయి. కాలేజీలో చదివే మా పల్లె పిల్లలు నలుగురు టేపు పట్టి, దిక్సూచితో దిక్కు చూసి, వాగు ఒడ్డునున్న పెద్ద వేపచెట్టునుంచి ప్రతి గోరీకీ దూరం రాశారు. పటం మూడు ప్రతులు తీశాం. ఒకటి పంచాయతీలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఒకటి తహసీల్దారు ఆఫీసుకు అర్జీతో జతచేశాం. మూడోది పల్లెలో చర్చి గోడకు అంటించాం. దానిమీద పిల్లలు ఇంకా పేర్లు చేరుస్తున్నారు. సర్వేయరు వచ్చే తేదీ ఇంతవరకూ చెప్పలేదు.