హాస్టల్‌కు ఎలాంటి రేడియో కొందాం?



ఈసారి వార్షికోత్సవానికి కానుకగా మన స్టడీ హాలుకు ఒక రేడియో ఇవ్వాలని మా బ్యాచ్ మిత్రులం అనుకున్నాం. తలా కొంత పోగు చేశాం. తీరా కొనే మాట వచ్చేసరికి మూడు దారులయ్యాయి. కొందరు విదేశీ ఇంటర్నెట్ రేడియో కావాలన్నారు, ప్రపంచంలోని వేల స్టేషన్లు అందులో వస్తాయని. కొందరు మామూలు ఎఫ్.ఎం. సెట్టు చాలన్నారు. ఇంకొందరు ఈ కాలంలో రేడియో ఏమిటి, టీవీ ఇద్దామన్నారు. పైసలు అందరివి కాబట్టి మా అభిప్రాయాన్ని ఈ సంచిక ద్వారా అందరి ముందు పెడుతున్నాం.

టీవీ సంగతి ముందే తేల్చేద్దాం. టీవీ ముందు కూర్చుంటే పుస్తకం మూయాలి. రేడియో వింటూ బట్టలు ఉతుక్కోవచ్చు, ట్రంకు పెట్టె సర్దుకోవచ్చు, బియ్యం ఏరే వంట అక్కలకు సాయం చేయవచ్చు. ఇంతకు మించి వాదించడం మాకు ఇష్టం లేదు.

అసలు రేడియో ఎందుకంటే, మన తమ్ముళ్ల చేతిలో ఫోను ఉండదు. బయట షాపు యజమాని కొడుకు ఏ వార్త అయినా అదే గంటలో తెలుసుకుంటాడు. మన పిల్లవాడికి అది తెలిసేది ఆదివారం నాన్న చూడవచ్చినప్పుడు. 2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో బడులు మూసి ఉండగానే దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. హాస్టళ్లు మూతబడి ఊళ్లకు వెళ్లిన మన పిల్లల్లో ఇంట్లో టీవీ లేనివాళ్లు పక్కింటి గడపలో నిలబడి విన్నారు, అదీ లేనివాళ్లు చేనుకు పోయారు. వినే సాధనం లేకపోవడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. పసుపు ఉడకబెట్టే తల్లిదండ్రుల పిల్లలే మన హాస్టల్లో ఎక్కువ. అటువంటి వార్త వాళ్లకు అదే రోజు చెవిన పడాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఇక ఇంటర్నెట్ రేడియో విషయానికి వద్దాం. చూడటానికి అందంగా ఉంటుంది, తెర ఉంటుంది, తిప్పే మీట ఉంటుంది. కానీ ఒక సంగతి మరవకూడదు. ఆ పెట్టెలో స్టేషన్లు ఉండవు. మనం మీట తిప్పగానే అది ఎక్కడో విదేశంలో ఉన్న ఒక కంపెనీ సర్వరును "ఫలానా స్టేషన్ చిరునామా ఏది?" అని అడుగుతుంది. ఆ సర్వరు జవాబు చెబితేనే పాట. ఆ కంపెనీ దుకాణం కట్టేసిన రోజున మన పెట్టె అలమరలో బొమ్మ. ఇది మేము భయపెట్టడానికి చెప్పే మాట కాదు. పేరున్న కంపెనీల సెట్లు ఎన్నో ఆధారపడిన రెసివా అనే స్టేషన్ల జాబితా సేవ 2021లో మూతబడింది. సెట్టులో ఏ లోపమూ లేదు, స్పీకరు భేషుగ్గా ఉంది, అయినా స్టేషన్లు వెతుక్కునే దారి పోయింది.

దీనికన్నా పెద్ద కథ మన దేశంలోనే జరిగింది. పెద్ద అన్నలకు వరల్డ్ స్పేస్ గుర్తుండే ఉంటుంది. ఉపగ్రహం నుంచి నేరుగా రేడియో! మన ప్రాంతానికి ఏషియాస్టార్ ఉపగ్రహాన్ని 2000లో పంపారు. ప్రచారానికి ఎ.ఆర్. రెహమాన్ వచ్చాడు. తెలుగు పాటలకు స్పందన అని ప్రత్యేక ఛానెల్ ఉండేది. చందాదారుల్లో ఎక్కువమంది భారతీయులే. 2008 అక్టోబరులో ఆ కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరింది, 2009 డిసెంబరు 31తో మన దేశంలో సేవ ఆగిపోయింది. ఆ సెట్లు మరే ఉపగ్రహాన్నీ పట్టలేవు. కొన్నవాళ్లకు మిగిలింది చిన్న యాంటెన్నా, ఇంటిపైకి పాకించిన వైరు.

కంపెనీలు బతికే ఉన్నా మరో చిక్కు ఉంది, అది పద్ధతులు మారడం. పాత పద్ధతిలో శబ్దం పైపులో నీళ్లలా ఒకే ధారగా వచ్చేది. రేడియోకు ఎం.పి.3 అర్థమైతే చాలు, పలికేది. 2009లో ఆపిల్ కంపెనీ హెచ్.ఎల్.ఎస్. అనే పద్ధతి తెచ్చింది. ఇందులో శబ్దాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఏ ముక్క తరువాత ఏ ముక్క అన్న చీటీతో సహా ఇస్తారు. బావి నుంచి బిందెలతో మోసి తొట్టి నింపినట్టు. నెట్ మందగిస్తే చిన్న బిందె, బాగుంటే పెద్ద బిందె. సెల్ ఫోన్లకు ఇది బాగా సరిపోయింది కాబట్టి పెద్ద సంస్థలన్నీ అటు మళ్లాయి. బి.బి.సి. పాత షౌట్‌కాస్ట్ ధారలను 2023లో ఆపేసింది. మన ఆకాశవాణి నెట్‌లో వచ్చేది కూడా ఈ బిందెల పద్ధతిలోనే. చీటీ చదవడం రాని పాత రేడియోకు ఆకాశవాణి దొరకదు. పెర్కిట్‌లో కూర్చుని అమెరికా పాటలు విని, హైదరాబాద్ వార్తలు వినలేని రేడియో మనకెందుకు? దీనికి తోడు ఇప్పుడు చిరునామాలన్నింటికీ హెచ్.టి.టి.పి.ఎస్. తాళాలు పడ్డాయి. ఆ తాళాలు మారినప్పుడల్లా సెట్టుకు కొత్త సాఫ్ట్‌వేర్ కావాలి. కంపెనీ ఇస్తే ఉంటుంది, ఇవ్వకపోతే లేదు.

గాలిలో వచ్చే రేడియోకూ మార్పులు తప్పలేదనుకోండి. ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ముప్పైకి పైగా డి.ఆర్.ఎం. అనే డిజిటల్ పద్ధతికి సిద్ధం చేసింది. ఆ ప్రసారం పట్టే సెట్లు మాత్రం సామాన్యుల ఇళ్లకు రాలేదు. నగరాల్లో ప్రైవేటు డిజిటల్ రేడియో గురించి 2025లో ట్రాయ్ సిఫారసులు చేసింది. దాని కోసం ఇప్పుడే డబ్బు పెట్టడం తొందరపాటు అని మా ఉద్దేశం. నిజామాబాద్ ఆకాశవాణి 103.2 ఎఫ్.ఎం.లో ఉంది, మనకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ ఎఫ్.ఎం. పట్టడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు, నెట్ బిల్లూ లేదు.

డబ్బు లెక్క కూడా చూడండి. 2024లో మెస్ చార్జీలు 40 శాతం పెంచిన తరువాత 8 నుంచి 10 తరగతుల విద్యార్థికి నెలకు 1,540 రూపాయలు. అంతకు ముందు 1,100. మంచి ఇంటర్నెట్ రేడియో పది వేలు దాటుతుంది. అంటే ఆరుగురు పిల్లల నెల తిండి. అంత పెట్టి కొన్నది ఐదేళ్లకు మూగబోతే చందా ఇచ్చిన ఆటో నడిపే మిత్రుడికి ఏమని చెబుతాం?

అందుకని మా సూచన ఇది. వినిపించేదాన్ని, వెతికేదాన్ని వేరు చేద్దాం. ఎఫ్.ఎం. ఉండి, ఆక్స్ వైరు పెట్టుకునే రంధ్రం, యు.ఎస్.బి. ఉన్న గట్టి స్పీకర్ రేడియో ఒకటి కొందాం. అది పదేళ్లు ఉంటుంది. దాని పక్కన మనలో ఎవరిదైనా పాత స్మార్ట్ ఫోను, సిమ్ తీసేసి, ఆకాశవాణి యాప్ ఒక్కటే ఉంచి, ఆఫీసు వై-ఫైతో కలిపి బిగిద్దాం. ఫోను కూడా ఎప్పటికో ఒకప్పటికి పాతబడి యాప్ నిరాకరిస్తుంది, కాదనం. అప్పుడు ఇంకొకరు తమ పాత ఫోను ఇస్తారు, స్పీకరు మారదు. నెట్ ఖర్చు భారం కాదు. 64 కిలోబిట్ల ప్రసారానికి గంటకు సుమారు 29 ఎం.బి. పడుతుంది. రోజుకు మూడు గంటలు విన్నా నెలకు 2.6 జి.బి. లోపే. కలిపేది వైరుతోనే కలపాలి. బ్లూటూత్ అయితే వార్డెన్ సారు ఫోను మోగినప్పుడల్లా అందరికీ ఆయన మాటలు వినిపించగలవు!

అయినా సరే ఇంటర్నెట్ రేడియోనే అని మెజారిటీ అంటే కట్టుబడతాం. అప్పుడు కొనే ముందు దుకాణంలోనే ఫోను హాట్‌స్పాట్ పెట్టి ఆకాశవాణి పావుగంట ఆగకుండా పలికించి చూడాలి. స్టేషన్ చిరునామా మన చేతితో రాసుకునే వీలుందా, అందులో ఎఫ్.ఎం. కూడా ఉందా అడగాలి. చెడిపోతే నిజామాబాద్‌లో బాగు చేసేవారుండాలి. బెంగుళూరుకు పార్సిల్ చేయమంటే మన పెర్కిట్ చౌరస్తాలో రెండు జాతీయ రహదారులు కలిసినా మనకు ఒరిగేదేమీ లేదు.

సాధనం సాదాగా ఉంటే పని చిన్నదవుతుందని కొందరి అనుమానం. జహీరాబాద్ ప్రాంతంలోని సంగం రేడియోను చూడండి. దళిత మహిళలు 1998లో స్టూడియో సిద్ధం చేసుకుని, అనుమతి కోసం పదేళ్లు ఎదురు చూసి, 2008 అక్టోబరు 15న 90.4 ఎఫ్.ఎం.లో ప్రసారం మొదలుపెట్టారు. నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి వాళ్ల మాటలు వినడానికి ఊళ్లో అగ్గువ ఎఫ్.ఎం. సెట్టు చాలింది. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1954 అక్టోబరు 3న తన జీవన తాత్వికతను స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు మాటల్లో వివరించింది కూడా ఆకాశవాణిలోనే.

చివరగా ఒక షరతు. రేడియో ఏదైనా ఆఫీసు గదిలో తాళం వేసి పెట్టకూడదు. స్టడీ హాలులో ఉండాలి, ఐదో తరగతి పిల్లవాడి చేయి మీటకు అందాలి. స్టడీ అవర్‌లో ఆపడం, ప్రాంతీయ వార్తల వేళకు పెట్టడం వారానికి ఇద్దరు చొప్పున తమ్ముళ్లే చూసుకోవాలి. పైసలు మిగిలితే కరెంటు పోయినప్పుడు పనికొచ్చే బ్యాటరీ కొందాం. వార్షికోత్సవం నాడు సభ ముగిశాక మెస్ హాలులో కూర్చుందాం, అభ్యంతరాలు ఉన్నవాళ్లు అక్కడే చెప్పండి. స్టోరు గదిలో ఉన్న పాత ట్రాన్సిస్టరును మాత్రం పాత సామానువాడికి వేయవద్దు. సెల్లు మార్చి గేటు దగ్గర వాచ్‌మన్ తాతకు ఇద్దాం.