సంపాదకుని మాట: రాయపురం గడప

1888లో స్కాట్లండ్ నుంచి మద్రాసు వచ్చిన డాక్టర్ మటిల్డా మాక్‌ఫెయిల్ మొదట చిన్న మందులశాల తెరిచారు. మగ డాక్టరుకు చూపించుకోలేక ఎందరో స్త్రీలు పురిటి కష్టాన్ని, జబ్బును పళ్ల బిగువున భరించిన కాలమది. ఆమె సేవే 1914లో మద్రాసులోని రాయపురంలో రెయినీ ఆస్పత్రిగా నిలబడింది. ఆ ఆస్పత్రి నేటికీ ఉంది.

ఇలాంటి సేవనే కోరుతూ మత్తయి సువార్త 25వ అధ్యాయంలో క్రీస్తు ఆకలిగొన్నవారిలో, పరదేశుల్లో, రోగుల్లో, ఖైదీల్లో తననే చూడమన్నాడు.

ఆదివారం ఎంత శ్రావ్యంగా పాడినా, గుడి మెట్ల మీది ముసలమ్మను దాటిపోయే సంఘం ఆ మాట విననట్టే.

మీ వీధిలో ఒంటరి వృద్ధులు, వలస కూలీల పిల్లలు ఎవరున్నారో ఈ వారమే కనుక్కోండి. వెళ్లి తలుపు తట్టండి.