పశువుల లెక్క తేలిన తరువాతే గోబర్ గ్యాస్ ఋణం

గోబర్ గ్యాస్ ప్లాంటుకు ఋణం కోరి మా శాఖకు వచ్చే రైతు సోదరులు మొదట అడిగే ప్రశ్న, "సబ్సిడీ ఎంత వస్తుందండీ?" అని. అడగడం తప్పని నేననను. కాని అంతకుముందే మీరు సమాధానం చెప్పుకోవలసిన ప్రశ్న ఒకటున్నది. మీ కొట్టంలో ప్రతిదినం కట్టివేసి ఉండే పశువులు ఎన్ని?

ఐదారుగురున్న కుటుంబానికి రెండుపూటల వంటకు 2 ఘనపు మీటర్ల ప్లాంటు సాధారణంగా సరిపోతుంది. కిలో పచ్చిపేడ నుండి సుమారు 40 లీటర్ల గ్యాస్ వెలువడుతుంది. ఆ లెక్కన రోజుకు 50 కిలోల పేడ, కలపడానికి దాదాపు అంతే నీరు కావాలి. ఆవు దినానికి సగటున 10 కిలోలు, గేదె 15 కిలోల వరకు పేడ వేస్తాయి. అయితే పగలంతా బీళ్ళలో మేసే పశువు పేడ చాలావరకు అక్కడే పోతుంది. దరఖాస్తులో ఐదు పశువులున్న ఇంట రెండింటి పేడ మాత్రమే చేతికందడం నేను చూశాను.

అనుభవంతోనే ఈ మాట వ్రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో ఒక రైతుకు 3 ఘనపు మీటర్ల ప్లాంటు సిఫారసు చేశాను. చిన్నది చాలునని ఆయన ఇల్లాలు చెప్పినా, పెద్దదైతే మేలని డీలరు, నేను నచ్చజెప్పాము. మరుసటి వేసవిలో గ్రాసం దొరకక ఆయన రెండు గేదెలను అమ్మివేశారు. గ్యాస్ తగ్గి, చివరకు ఆగిపోయింది. వాయిదాలు మాత్రం ఆగలేదు. వసూలుకు వెళ్ళిన నాడు ఆమె కట్టెల పొయ్యి ఊదుతూ కనిపించారు. నన్నొక్క మాటయినా అనలేదు. సిఫారసు కాగితం మీద సంతకం నాదే.

అందుచేత ప్లాంటు వద్దని నా అభిప్రాయం కాదు. పిడకలుగా కాల్చితే పేడలోని నత్రజని పొగతో పోతుంది. ప్లాంటులో వేస్తే గ్యాస్ వంటకు, స్లర్రీ పొలానికి దక్కుతాయి. ఆ స్లర్రీని వీధి కాలువలోకి వదిలేసేవారిని చూస్తే నాకు గ్యాస్ పోయినదానికన్న ఎక్కువ బాధ కలుగుతుంది. ఎండలో ఆరబెట్టినా నత్రజని కొంత నష్టమవుతుంది. నీడన గుంట తీసి ఆకు అలములతో కలిపి మాగబెట్టండి.

ఇంకొక సంగతి. కట్టెలు ఏరి తెచ్చుకునే ఇంట ఈ ప్లాంటు వల్ల ఆదా అయ్యేది ఎక్కువగా స్త్రీల శ్రమ. అది గొప్ప లాభమే, కాని వాయిదా కట్టడానికి నగదు కాదు. వాయిదా పాలడబ్బు నుండో, పంట నుండో రావాలి. సిలిండరు కొనే ఇంట మాత్రం నగదు మిగులుతుంది: ఒక ఘనపు మీటరు గ్యాస్ రమారమి 430 గ్రాముల వంటగ్యాస్‌కు సమానం.

డీలరు మిత్రులకు ఒక విన్నపం. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో గుమ్మటం ఇటుక కట్టుబడి. నైపుణ్యం లేని మేస్త్రీ కడితే గ్యాస్ కారిపోతుంది. పైపులో నీరు చేరి మంట ఊగిసలాడితే ప్లాంటు పాడైందనుకొని వదిలేసినవారున్నారు. ఫినాయిలు, సబ్బునీరు తొట్టిలో పడరాదని ఇంటి స్త్రీలకు చెప్పినవారు లేరు. కట్టి బిల్లు తీసుకున్నాక, తొలి చలికాలంలో గ్యాస్ తగ్గే వేళకైనా మరొకసారి ఆ గడప తొక్కండి.

రైతు సోదరులారా, మా శాఖకు వచ్చే ముందు ఒక వారం రోజులు ఉదయం కొట్టంలో పోగైన పేడను తూచి, చీటీ మీద వ్రాసుకొనండి. ఇంటావిడను కూడ వెంట తీసుకొని రండి. ప్లాంటు సైజు మాట ఆ చీటీ చూసి మాట్లాడుకుందాము.